అన్నం పెట్టని సేవ

తినడం మొదలుపెడితే ఆపుకోలేని మనుషులు కూడి నడుపుకునే సంఘం ఒకటుంది. ఓవర్ ఈటర్స్ అనానిమస్ దాని పేరు. నేను ఆ సంఘం మనిషిని. మాది చెన్నూరు. ఈ రెండు ముక్కలకు మించి నా ఆనవాలు ఈ వ్యాసంలో దొరకదు. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో, టీవీల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టకూడదని అక్కడ ఒక కట్టుబాటు ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు సేవ గురించి చెప్పాలి. ఆ సంఘంలో నన్ను నిలబెట్టింది సేవే. మా ప్రాంతంలో సేవ అనగానే అందరికీ తట్టే పని మాత్రం అక్కడ అసలు కనబడదు.

మా వైపు సేవ అంటే అన్నం పెట్టడమే. 2022 ఏప్రిల్ 13న ప్రాణహిత పుష్కరాలు మొదలై 24 దాకా సాగాయి. చెన్నూరు నుంచి కోటపల్లి మీదుగా అర్జునగుట్ట ఘాటుకు పోయే దారంతా ఎండ, దుమ్ము, జనం. సేవకు వచ్చామన్నవాళ్లు ఏం చేస్తున్నారా అని చూస్తే వండుతున్నారు, వడ్డిస్తున్నారు, మజ్జిగ పోస్తున్నారు, పులిహోర పొట్లాలు పంచుతున్నారు. 2015 జులైలో గోదావరి పుష్కరాలప్పుడూ అంతే. గోదావరి మా ఊరి దగ్గర ఉత్తరానికి మళ్లి పారుతుంది, పంచక్రోశ ఉత్తరవాహిని అంటారు. ఆ నీళ్లలో మునిగి అగస్త్యేశ్వరునికి మొక్కి వచ్చినవాళ్లకు ఒక పూట అన్నం పెడితే జన్మ తరిస్తుందని నమ్మే పెద్దవాళ్లు మా ఇళ్లలో ఉన్నారు. మాల వేసుకున్న స్వాములకు బిక్ష, వినాయకుని దగ్గర అన్నదానం, పెండ్లికి బంతి, చావుకు బంతి. ఉన్నవాడు బియ్యం బస్తాలు దింపుతాడు, లేనివాడు వచ్చి ఉల్లిగడ్డలు కోస్తాడు. ఇద్దరికీ సేవ చేసిన తృప్తి ఒకటే.

దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. జొన్న గటక తాగి, అంబలి తాగి, సద్దిలో ఉల్లిగడ్డ కొరుక్కొని చేనుకు పోయిన తరం చేతుల మీద పెరిగాను. ఆకలి తెలిసిన మనిషి ఎదుటి మనిషి మీద ప్రేమను అన్నంతోనే చూపిస్తాడు. ఎవరింటి గడప తొక్కినా "తిన్నవా బిడ్డా" అనే మాట ముందు వస్తుంది, మిగతా సంగతులన్నీ దాని వెనకే. వద్దంటే ఇంకో గంటె పడుతుంది. "గింతేనా తినుడు" అని నొచ్చుకుంటారు. ఆ నొచ్చుకోవడంలో కల్లాకపటం ఏమీ లేదు. అయితే తిండే రోగమైన మనిషి ఈ పందిట్లో ఎక్కడ నిలబడాలి? వడ్డించే చేతికీ తినే చేతికీ నడుమ అంతా సాగిపోయే చోట, ఆ రెండూ ప్రమాదమే అయిన మనిషి ఎవరికి ఏం చేసి తృప్తి పడాలి?

తిండి రోగమేంది, బలిసిన కడుపు మాటలు అంటారని నాకు తెలుసు. అందుకని కొంచెం వివరంగా చెప్తాను. ఆకలైతే తినడం వేరు, రుచికి నాలుగు సకినాలు ఎక్కువ తినడం వేరు. నేను చెప్పేది ఆకలి లేకున్నా, రుచి తెలియకున్నా, కడుపు నొప్పి లేస్తున్నా, ఒద్దు ఒద్దు అని మనసు మొత్తుకుంటున్నా చెయ్యి ఆగకపోవడం. మా ఇళ్లలో ఆడవాళ్లు అందరికీ పెట్టి చివర్న తింటారు, ఒంటరిగా తింటారు. అందరూ తిన్నాక వంటింట్లో మిగిలిన మనిషి ఎంత తింటున్నదో చూసేవాళ్లుండరు. గిన్నెల్లో అడుగూబొడుగూ పారేయడం పాపమన్న మాట ఒకటి ఎలాగూ ఉంది. ఈ రోగానికి మా వంటిల్లు కంటే మంచి చాటు దొరకదు. సంక్రాంతికి చేసిన అరిసెల డబ్బా పండుగ లోపలే ఖాళీ అయితే పిల్లల మీదికి పోతుంది మాట. పిల్లలు కాదని తెలిసిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంటుంది.

వైద్యులు కూడా దీన్ని వేరే జబ్బుగా గుర్తించడం ఇటీవలిదే. అమెరికా మనోవైద్యుల సంఘం తన జబ్బుల గ్రంథం ఐదో కూర్పులో, అంటే 2013లో, అదుపులేని తిండిని ఒక ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిమంది ఆడవాళ్లలో ముగ్గురు ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు, మగవాళ్లు ఇంకాస్త ఎక్కువే. ఆ లెక్కకూ ఈ రోగానికీ సమానమని మాత్రం అనుకోవద్దు. లావుగా ఉన్నవాళ్లందరికీ ఈ జబ్బు ఉండదు. మా సమావేశాల్లో సన్నగా పుల్లలా ఉన్నవాళ్లూ ఉన్నారు. తిన్నదంతా కక్కుకునేవాళ్లు, తినడానికే భయపడి ఎండిపోయినవాళ్లు. అందరి గోసా ఒకటే, పొద్దున లేస్తే పడుకునేదాకా తలలో తిండి తప్ప ఇంకోటి లేకపోవడం.

తాగుడైతే నలుగురికీ కనబడుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు, ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా పోయింది. అది రెండేళ్లకే సడలిపోయినా, ఎదురు నిలిచి కొట్లాడటానికి వాళ్లకు ఒక దుకాణం కనబడింది. తిండి మీద కొట్లాడాలంటే ఏ దుకాణం మూయించాలి? తాగేవాడు మందు ముట్టనని ఒట్టేసుకోవచ్చు. తిండి రోగి రోజుకు మూడుసార్లు ఆ రోగంతోనే కూర్చొని, ఇంత తిని, లేవాలి. మా సంఘంలో నిగ్రహం అంటే ఉపవాసం కాదు. అదుపు తప్పే తిండిని, అదుపు తప్పించే అలవాట్లను ఈ ఒక్క రోజుకు దూరం పెట్టడం. ఎవరేం తినాలో సంఘం చెప్పదు, అది డాక్టరు పని. రేపు ఏం తింటానో ఇవాళ రాసుకొని ఇంకో మనిషికి చెప్పడం మాత్రం చాలామందిమి చేస్తాం. చాటున పెరిగిన రోగం ఇంకో చెవిన పడటంతోనే సగం బలం కోల్పోతుంది.

సేవ ఈ కథలోకి ఎలా వచ్చిందో తెలియాలంటే 1935 మే నెలకు, అమెరికాలో ఆక్రన్ అనే ఊరికి పోవాలి. న్యూయార్క్ నుంచి ఒక వ్యాపారం పని మీద వచ్చిన బిల్ అనే ఆయన మేఫ్లవర్ హోటల్లో దిగాడు. ఆయన తాగుడు మానేసి అప్పటికి ఐదు నెలలు. వచ్చిన పని చెడిపోయింది, జేబులో డబ్బు లేదు, హోటల్లోనే ఒక పక్క బారు, లోపల నవ్వులు. అడుగు అటు పడబోతుంటే ఆయనకొక సంగతి తట్టింది. గడిచిన ఐదు నెలల్లో ఎంతోమంది తాగుబోతుల వెంట తిరిగి మాన్పించాలని చూశాడు, ఒక్కరూ మానలేదు. కానీ వాళ్ల వెంట తిరిగినన్నాళ్లూ తాను తాగలేదు. హోటల్లో ఉన్న చర్చిల జాబితా చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు, ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉన్నారా, మాట్లాడాలి అని. ఆ ఫోన్ల వల్లే హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆమె ఇంట్లో మే 12న డాక్టర్ బాబ్ అనే సర్జన్‌ను కలిశాడు. పావుగంట మించి కూర్చోనని చెప్పి వచ్చిన డాక్టరు గంటలకు గంటలు కూర్చున్నాడు. ఆయన ఆఖరిసారి తాగిన జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టినరోజుగా లెక్కిస్తారు.

నన్ను పట్టుకున్నది ఆ ఫోను. బిల్ ఎవరినో ఉద్ధరించడానికి ఫోన్ చేయలేదు. తాను మునిగిపోకుండా ఉండటానికి చేశాడు. ఎదుటి మనిషి బాగుపడటం ఆయన చేతిలో లేదని ఐదు నెలల్లో అర్థమైంది. తన చేతిలో ఉన్నది ఫోన్ తిప్పడం ఒక్కటే. ముప్పై ఏళ్ల తర్వాత, 1965లో, ఫ్రాంక్ రీస్‌మన్ అనే పండితుడు ఇదే సంగతిని శాస్త్రం భాషలో రాశాడు: సాయం పొందినవాడి కంటే చేసినవాడికే చాలాసార్లు ఎక్కువ మేలు జరుగుతుందని. మా పుష్కరాల పందిట్లో పుణ్యం మాట కూడా అదే కదా అనవచ్చు. కొంతవరకు అవును. కానీ అక్కడ పెట్టేవాడు పైన, తినేవాడు కింద. ఆక్రన్‌లో ఇద్దరూ ఒకే గుంతలో ఉన్నారు.

మా సంఘం పుట్టిందీ అట్లనే. లాస్ ఏంజెలిస్‌లో రోజాన్ అనే గృహిణి 1958లో ఒక స్నేహితుడికి తోడుగా జూదరుల సంఘం సమావేశానికి వెళ్లింది. వాళ్లు పేకాట గురించి, అబద్ధాల గురించి, సిగ్గు గురించి చెబుతుంటే ఆమెకు తన తిండి కథే వినబడింది. తాగుబోతులకు ఉంది, జూదరులకు ఉంది, నాలాంటివాళ్లకు ఎందుకు లేదని అడిగింది. 1960 జనవరి 19న ముగ్గురు ఆడవాళ్లు కూర్చొని మొదటి సమావేశం పెట్టుకున్నారు. అదే ఏడాది టీవీలో కనబడ్డాక వందలకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. కార్యాలయం లేదు, జీతగాళ్లు లేరు. పిల్లలున్న ఇల్లాలు ఇంట్లోనే కూర్చొని జవాబులు రాసింది. ఆమె 2014లో చనిపోయింది. ఏ ఉత్తరం ఏ ఊళ్లో ఎవరిని బతికించిందో ఆమెకు పూర్తిగా తెలిసి ఉండదు.

ఆల్కహాలిక్స్ అనానిమస్ పన్నెండు మెట్లలో చివరిది, తనకు దొరికిన దారిని ఇంకా బాధపడుతున్నవాళ్లకు చేరవేయడం. మా సంఘం ఆ మెట్లనే తిండికి అన్వయించుకుంది. రోజువారీ బతుక్కి తొమ్మిది పనిముట్లు పెట్టుకుంది: తిండి ప్రణాళిక, దారి చూపే తోడు, సమావేశం, ఫోను, రాసుకోవడం, చదువుకోవడం, పనుల ప్రణాళిక, గోప్యత, సేవ. సేవ ఆ వరుసలో ఒక పనిముట్టు. ఎవరైనా మంచివాళ్లు కాబట్టి చేసే పని అన్న గౌరవం దానికి ఇవ్వలేదు. మందుసీసా మీద మోతాదు రాసినట్టు రాశారు. నాకు అది నచ్చింది.

నేను కూర్చునేది ఫోన్ సమావేశంలో. న్యూజెర్సీలో రాత్రి ఎనిమిదైతే మాకు ఎండాకాలంలో పొద్దుగాల ఐదున్నర, వాళ్లు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఆరున్నర. గనులకు, జైపూర్ కరెంటు కేంద్రానికి షిఫ్టుకు పోయేవాళ్లకు ఇళ్లలో టిఫిన్ డబ్బాలు కట్టే వేళ. మాటలు ఇంగ్లీషులోనే నడుస్తాయి. సమావేశం అయ్యాక తెలుగులో మాట్లాడుకునే తోడు ఒకరు అక్కడే దొరికారు నాకు. సేవలంటే ఏమున్నాయని ఆమెను అడిగితే చెప్పినవి ఇవి. లైను తెరిచి పెట్టడం. మొదట చదివే నాలుగు పేరాలు చదవడం. కొత్తగా వచ్చినవాళ్లను పలకరించడం, సమావేశం అయ్యాక వాళ్ల అనుమానాలు తీర్చడానికి పదిహేను నిమిషాలు ఆగడం. ఫోన్ నంబర్ల జాబితా సరిచూడటం. చందా లెక్క రాయడం. మాట్లాడేవాళ్లకు సమయం చూడటం. ఇందులో వంట ఎక్కడా లేదు. వడ్డన లేదు, ప్రసాదం లేదు. చాయ్ కూడా లేదు, అది ఫోను కనుక. నాకు ఆ జాబితా వినగానే మొదట వచ్చిన ఆలోచన, ఇవి కూడా సేవలేనా అని. ఎవరి కడుపూ నింపని సేవ నేను అంతకు ముందు చూడలేదు.

సమయం చూసే పని నాకు వచ్చింది. ఆ పని గురించి కొంత ఆగి చెప్పాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. మూడో నిమిషం నిండగానే "టైమ్" అనాలి. అంతే పని. కానీ మా దగ్గర ఒక మనిషి ఏడుస్తూ చెప్పుకుంటుంటే మధ్యలో ఆపడమంటే ఎంత కఠినమో ఆలోచించండి. పక్కన చేరి, చేయి పట్టుకొని, "ఊకో బిడ్డా" అని, ముందు మంచినీళ్లు తెచ్చి తర్వాత ఏదో ఒకటి తినిపించేదాకా మనసు ఒప్పదు. అవతల ఎక్కడో ఒకామె భర్త చనిపోయిన రాత్రి తాను ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చొని ఏమేం తిన్నదో చెబుతున్నది. గొంతు పూడుకుపోయింది. గడియారం మూడు చూపించింది. నేను "టైమ్" అన్నాను. ఆమె "థాంక్యూ" అని ఆ వాక్యం ముగించి ఆగింది. తర్వాతి మనిషి మొదలుపెట్టాడు. ఆమెకు ఎవరూ జవాబు చెప్పలేదు.

అది దయలేని పద్ధతి అనిపిస్తుంది. నాకు అర్థం కావడానికి చాలా సమావేశాలు పట్టాయి. గొంతు పెద్దది ఉన్నవాడికీ నోరు లేనివాడికీ అక్కడ మూడు నిమిషాలే. పెద్ద ఉద్యోగికీ, ఇల్లు ఊడ్చే ఆమెకూ మూడే. మన ఇళ్లలో, మన కులపు పంచాయితీల్లో, మన సభల్లో ఎవరి మాటకు ఎంత జాగా దొరుకుతుందో చూసినవాళ్లకు ఈ మూడు నిమిషాల విలువ తెలుస్తుంది. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ అడ్డు తగలకుండా, ఎవరూ సలహా ఇవ్వకుండా, ఎవరూ "అదేం పెద్ద సంగతి" అనకుండా మూడు నిమిషాలు మాట్లాడటం ఎప్పుడైనా జరిగిందా అని ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆ జాగాకు కాపలా ఉండే పని నాది. ఒకరి దుఃఖం ఇంకొకరి వంతును మింగకుండా చూడటం కూడా సేవేనని అక్కడ తెలిసింది.

సలహా ఇవ్వకపోవడం ఇంకా పెద్ద సాధన. ఒకరి బాధ వినగానే మన దగ్గర కషాయాలు మొదలవుతాయి. మెంతులు నానబెట్టు, రాత్రి అన్నం బంద్ చెయ్యి, పొద్దున్నే నడువు. నిజానికి ఈ రోగం ఉన్నవాళ్లకు అవన్నీ తెలుసు, చెప్పేవాళ్ల కంటే బాగా తెలుసు. తెలియని సంగతి ఒకటే, తమలాంటివాళ్లు ఇంకొకరు ఉన్నారని. అందుకని అక్కడ ఎవరూ నువ్వు ఇట్ల చెయ్యి అనరు, నాకు ఇట్ల జరిగింది అంటారు. సేవంతా ఆ ఒక్క మార్పులో ఉందని నా నమ్మకం.

ఇక పదవుల మాట. ఆరు నెలలకో ఏడాదికో ప్రతి పనీ చేతులు మారుతుంది. ఎంత బాగా చేసినా మారుతుంది. నడిపించేవాళ్లు నమ్మి పని అప్పజెప్పిన సేవకులే, వాళ్లు ఏలికలు కారని సంఘం రెండో సంప్రదాయంలో ఉంది. ఇది చదివి మన మహిళా సంఘాలు గుర్తొచ్చాయి. తెలంగాణ పల్లెల్లో నెలనెలా గుండ్రంగా కూర్చొని, పొదుపు రాసుకొని, తీర్మానం చేసుకొనే ఆడవాళ్లకు సమావేశం అనేది కొత్త కాదు. నాయకురాళ్లను మార్చుకోవాలన్న నియమమూ కొత్త కాదు. కాని చదువొచ్చిన, బ్యాంకుకు పోయి మాట్లాడగలిగిన ఇద్దరి మీదే భారమంతా పడి, వాళ్లే ఏళ్ల తరబడి కొనసాగడం నేను చూశాను. వాళ్లది పెత్తనం అనలేను, మిగతావాళ్లు వదిలిపెట్టిన బరువు అది. మా ఫోన్ సంఘంలో సరిగా చదవలేని వారికి కూడా చదివే వంతు వస్తుంది. వాళ్లు తడబడుతూ చదువుతారు, అందరం వింటాం. పని బాగా జరగడం కంటే పని అందరి చేతుల్లోంచి పోవడం ముఖ్యమని నిర్ణయించుకున్నారు. పని చేతిలో ఉన్నన్నాళ్లు మనిషి జారిపోవడం తక్కువ, ఆ ఆసరా అందరికీ అందాలి.

ఇక్కడ ఒక ప్రశ్న నన్ను చాలాకాలం సతాయించింది. పుట్టింది మొదలు సేవ చేస్తూనే ఉన్న ఆడమనిషికి సేవ మందెట్లయితది? అత్తకు, మామకు, భర్తకు, పిల్లలకు, చుట్టాలకు, బావి కాడికి పోయినా బడికి పోయినా ఎవరికో ఒకరికి చేస్తూనే ఉన్న మనిషి ఆమె. రోగం వచ్చిందే ఆ అరుగుదలలోంచి. పగలంతా అందరికీ చేసి, రాత్రి పూట తనకోసం తాను చేసుకోగల ఒకే ఒక పని తినడం. అలాంటి ఆమెను పట్టుకొని ఇంకా కొంచెం సేవ చెయ్యమ్మా అంటే అది మందా, గాయం మీద కారమా?

తోడును అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు, నీ పని ఎంతసేపు అని తిరిగి అడిగింది. గంట, అన్నాను. ఆ గంట అయిపోయాక? ఫోన్ పెట్టేస్తాను. ఎన్నాళ్లు? ఆరు నెలలు. తర్వాత? వేరేవాళ్లకు ఇస్తాను. ఒకరోజు జ్వరమొస్తే? ఇంకొకరిని అడుగుతాను. ఇంట్లో నువ్వు చేసే పనికి వీటిల్లో ఏ ఒక్కటైనా ఉందా అన్నది.

లేదు. ఇంట్లో చేసేదానికి అంచు లేదు, వంతు లేదు, జ్వరం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో చేసే సేవ వెనక మనిషి మాయమవుతుంది. అందరికీ పెట్టేటప్పుడు నువ్వు తిన్నవా అని అడిగినా, తిన్న అని అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. ఇక్కడ సేవ చేయాలంటే ముందు నా రోగం పేరు నేనే నోటితో చెప్పాలి. అందరి వంతులూ అయ్యాక నా మూడు నిమిషాలు నాకూ ఉంటాయి, అప్పుడు నాకు ఇంకొకరు సమయం చూస్తారు. పెట్టే మనిషి కూడా అదే బంతిలో కూర్చోవాలన్నది నియమం. ఇంటి సేవకు అలవాటుపడ్డ ఆడవాళ్లు ఈ సంఘానికి వచ్చి నాలుగు పనులు నెత్తికెత్తుకొని, ఆ హడావిడిలో తమ తిండి సంగతి తప్పించుకోవడం కూడా జరుగుతుంది. అందుకే చాలా గుంపులు పని ఇచ్చే ముందు నీ నిగ్రహం ఎన్నాళ్లని అడుగుతాయి. రెండో పని అడిగితే మొదటిది అయ్యాక చూద్దామంటాయి. సేవకు హద్దు గీసిన చోటు నేను అదొక్కటే చూశాను. నాకు ఇంట్లో కూడా కొన్ని హద్దులు గీసుకునే ధైర్యం అక్కడినుంచే వచ్చింది. రాత్రి గిన్నెల్లో మిగిలింది నా కడుపులోకి పోకుండా కుడితిలోకి పోతున్నది, మా ఇంట్లో ఇప్పుడు అందరం ఒకేసారి కూర్చొని తింటున్నాం.

ఏటా డిసెంబరు 12న, పన్నెండో నెల పన్నెండో తేదీన, ఒక పని ప్రత్యేకంగా చేస్తాం. బయటి కొత్తవాళ్ల మాట పక్కనపెట్టి, లోపలికి వచ్చి జారిపోయినవాళ్లను, రావడం మానేసినవాళ్లను వెతికి పలకరిస్తాం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సేవ అదే, కష్టమైనదీ అదే. తాగుడు మానేసి మళ్లీ తాగినవాడి ముఖం చూస్తే తెలుస్తుంది. మళ్లీ అదుపు తప్పిన తిండి రోగి కొన్నాళ్లదాకా ఎవరికీ తెలియకుండా ఫోన్ తీయడం మానేస్తుంది. తీసినా "పనులెక్కువున్నయ్ అక్కా" అంటుంది. అప్పుడు ఏమీ అడగకూడదు. ఎందుకు రాలేదని అడిగితే అది హాజరు పట్టీ అవుతుంది. నేను నా రోజు ఎట్ల గడిచిందో చెప్తాను, అందులో బాగా గడవని గంట కూడా చెప్తాను. ఆమె వింటుంది. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. ఆ ఫోన్లు చేసిన రోజున మాత్రం నేను అదుపు తప్పలేదు. ఆక్రన్ హోటల్లో తట్టిన సంగతి చెన్నూరులోనూ నిజమే.

డబ్బు గురించి ఒక్క మాట. బయటినుంచి చందా తీసుకోరు, సభ్యులు ఇచ్చుకున్నదే. 1938లో రాక్‌ఫెల్లర్ అంత ధనవంతుడు తాగుబోతుల సంఘానికి ఐదు వేల డాలర్లు ఇచ్చి, ఇంతకుమించి డబ్బిస్తే ఈ పని చెడిపోతుందని ఆగాడు. మన దగ్గర ఏ మంచి పని మొదలైనా దాత పేరున్న ఫ్లెక్సీ ముందు కట్టడం అలవాటైన ఈ రోజుల్లో, దాత అక్కర్లేని పని ఉంటుందని నమ్మించడమే కష్టం.

పేరు చెప్పకూడదన్న కట్టుబాటుకు వస్తాను. పెద్ద నగరంలో అది సులువు. జాతీయ రహదారి 63 మీద మంచిర్యాలకూ సిరోంచకూ నడుమ ఉన్న మా చిన్న ఊళ్లో, ఎవరి బండి ఎవరింటి ముందు ఆగిందో సాయంత్రానికి తెలిసిపోయే చోట, పేరు దాచుకోవడం ఎట్ల? మొదట్లో అది సిగ్గు దాచుకోవడానికే అనుకున్నాను. ఉన్నకొద్దీ దానికి ఇంకో పని కూడా ఉందని తెలిసింది. పేరు బయటపడితే సంఘానికి ఒక ముఖం వస్తుంది. ఆ ముఖం రేపు జారితే సంఘం మీద నమ్మకం జారుతుంది. జారకపోతే పొగడ్తలు వస్తాయి, దండలు వస్తాయి, సేవ చేసిన మనిషి వేదిక ఎక్కుతుంది. ఈ రోగులకు వేదిక తిండి కంటే ప్రమాదం. శాలువా కప్పించుకోవడానికి వీల్లేని సేవ కనుకే అది మందుగా పనిచేస్తున్నది. గుంపులో విన్నది గుంపులోనే ఉంచడం మా ఊళ్లో సాధ్యమా అంటే, సాధ్యమే. మా ఆడవాళ్లు ఒకరి కష్టాన్ని ఇంకొకరి కడుపులో దాచిపెట్టి ఏళ్లకేళ్లు మోయగలరు. ఆ శక్తికి ఇంతదాకా ఒక గది, ఒక వేళ దొరకలేదంతే.

నా ఆలోచన ఇది. ఫోన్ సమావేశానికి ఇంగ్లీషు కావాలి, తెల్లవారుజామున ఒంటరిగా కూర్చునే గది కావాలి, నెట్ ఉన్న ఫోను కావాలి. పత్తి ఏరడానికి పోయే ఆమెకు, బీడీలు చుట్టే ఆమెకు ఈ మూడూ ఉండవు. కానీ ఆమెకూ ఈ రోగం ఉంటుంది. తన చెమటతో కొనుక్కున్న సరుకును రాత్రి చాటుగా తిని పొద్దున దేవుని ముందు ఒట్టేసుకునే ఆమెలాంటివాళ్లు నాకు ఎదురుపడ్డారు. ఇద్దరు కూర్చుంటే గుంపు అయినట్టే అని సంఘం నియమం. లాస్ ఏంజెలిస్‌లో ముగ్గురున్నారు. చెన్నూరులో తెలుగులో, మా మాటలో, వారానికి ఒక గంట, నేల మీద చాప వేసుకొని కూర్చునే చోటు కోసం అడుగుతున్నాను. పొద్దుగూకాక, వంట పని మొదలయ్యే ముందు. అక్కడ ఎవరూ ఏదీ తెచ్చి పెట్టరు, అటుకులు కూడా. మొదటి రోజు ఎవరూ రాకపోతే చాప మీద నేనొక్కదాన్నే గంటసేపు కూర్చొని చదువుకొని వస్తాను, మళ్లీ వారం తెరుస్తాను. గది తాళం మొదటి ఆరు నెలలు నా దగ్గర ఉంటుంది. ఆ తర్వాత ఎవరి దగ్గర ఉండాలో అప్పటికి వచ్చినవాళ్లు తేల్చుకుంటారు.